అమెరికాలో తుపాకీ వెంట ఉంచుకోవడం: రాష్ట్రానికో చట్టం, ఇంటికో తాళం

2013 అక్టోబరులో ఫిలడెల్ఫియాకు చెందిన ఒక మహిళ, ఇద్దరు పిల్లల తల్లి, కారులో న్యూజెర్సీలోకి వెళ్లింది. లేన్ మారడంలో తేడా వచ్చిందని పోలీసులు ఆపారు. తన దగ్గర తుపాకీ ఉందని, దానికి పర్మిట్ కూడా ఉందని ఆమే చెప్పింది. ఆ పర్మిట్ పెన్సిల్వేనియా ఇచ్చింది. న్యూజెర్సీ వేరే ఏ రాష్ట్రం పర్మిట్‌నూ గుర్తించదు. గ్రేవ్స్ చట్టం కింద అక్కడ ఆ నేరానికి కనీస శిక్ష మూడున్నరేళ్ల జైలు. నెలకు పైగా జైల్లో గడిపి, కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి 2015 ఏప్రిల్‌లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెడితే గానీ ఆ కేసు పూర్తిగా వదల్లేదు. ఆమె ఎవరినీ బెదిరించలేదు, ఏమీ దాచలేదు. నది మీది వంతెన దాటింది, అంతే.

ఒక రాష్ట్రంలో తీసుకున్న డ్రైవింగ్ లైసెన్స్ దేశమంతా చెల్లుతుంది కాబట్టి తుపాకీ పర్మిట్ కూడా అంతే అనుకోవడం సహజం. కానీ అది చెల్లాలంటే వెళ్లిన రాష్ట్రం ఒప్పుకోవాలి. అన్ని రాష్ట్రాలూ ఒకరి పర్మిట్ మరొకరు గుర్తించాలన్న బిల్లు 2017 డిసెంబరులో ప్రతినిధుల సభ దాటింది గానీ సెనేట్ దాటలేదు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఒక్కటే అందరికీ. కలెక్టరో పోలీస్ కమిషనరో లైసెన్స్ ఇస్తారు, ఎన్నికలొస్తే లైసెన్స్ ఉన్న తుపాకీలను కూడా స్టేషన్లో అప్పజెప్పాలి. ఆ పద్ధతి చూసి పెరిగినవాళ్లకు యాభై రాష్ట్రాలు యాభై రకాలుగా రాసుకున్న చట్టాలు ఒక పట్టాన అర్థం కావు.

డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ శివార్లలో స్థిరపడ్డ తెలుగువాళ్లలో తుపాకీ కొనాలన్న ఆలోచన ఈమధ్య బాగా వినిపిస్తోంది. గ్యాస్ స్టేషన్లలో, కన్వీనియన్స్ స్టోర్లలో పనిచేసే మన పిల్లలు దోపిడీల్లో చనిపోయిన వార్తలు చదివి భయపడనివాళ్లు ఎవరుంటారు? ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే ఆ భయంతో పాటు వాట్సాప్ గ్రూపుల్లో సగం సమాచారం కూడా తిరుగుతోంది. 'టెక్సస్‌లో పర్మిట్ అక్కర్లేదట' అన్నది అలాంటిదే. అందులో అబద్ధం లేదు. కానీ అసలు కొనవచ్చా లేదా, ఒంటి మీంచి తీసిన తర్వాత తుపాకీని ఎక్కడ పెట్టాలి అన్న రెండు ప్రశ్నలకు అందులో జవాబు లేదు. కుటుంబాల మీదికి ముప్పు వచ్చేది ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే.

ముందు వీసా, తర్వాతే పర్మిట్

ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, బి-2 అన్నీ నాన్ ఇమ్మిగ్రెంట్, అంటే తాత్కాలిక, వీసాలే. వీటి మీద అమెరికాలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. సొంతానికి కొనుక్కోవడమే కాదు, చేతిలో పట్టుకున్నా, అధీనంలో ఉంచుకున్నా నేరమే. 2022లో సవరించాక దీనికి పదిహేనేళ్ల దాకా జైలు పడవచ్చు. ఏ రాష్ట్రమైనా 'పర్మిట్ అక్కర్లేదు' అందంటే, తాను పర్మిట్ అడగనని మాత్రమే దానర్థం. ఫెడరల్ నిషేధాన్ని ఎత్తేసే అధికారం రాష్ట్రానికి లేదు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. సొంత రాష్ట్రంలో నివాసం చూపించి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటితే వాళ్లు కొనుక్కోవచ్చు.

ఈ నిషేధానికి చట్టంలోనే మినహాయింపులున్నాయి. ఎక్కువమంది చెప్పుకునేది హంటింగ్ లైసెన్స్. ఏదో ఒక రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే వీసా మీద ఉన్నవాళ్లకూ ఫెడరల్ నిషేధం వర్తించదు. కొందరు విద్యార్థులు ఈ దారిలోనే తుపాకీ కొంటున్నారు. కొన్ని రాష్ట్రాల్లో వేట లైసెన్స్ తీసుకోవడం పెద్ద పని కాదు. కానీ దాని గడువు తీరితే ఆ రక్షణ పోయి, తుపాకీ మాత్రం ఇంట్లో మిగులుతుంది. జేబులో పెట్టుకుని తిరగడానికి ఆ లైసెన్స్ హక్కు ఇవ్వదు. 2024లో జార్జియాలో చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి తన తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణాలు కోల్పోయాడు. చదువుకోవడానికి వెళ్లిన పిల్లలు తుపాకీ కొనగలరన్న సంగతి ఇక్కడి తల్లిదండ్రులు చాలామందికి అలాంటి వార్తలు చూసేదాకా తెలియదు.

షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీతో పేల్చడం సరదా వ్యవహారంగా కనిపిస్తుంది. చట్టం దృష్టిలో అది కూడా తుపాకీ కలిగి ఉండటమే. రెహైఫ్ కేసు ఇలాగే మొదలైంది. యూఏఈ నుంచి ఎఫ్-1 మీద ఫ్లోరిడాకి వచ్చిన విద్యార్థిని మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, దేశంలో ఉండటానికి కావాల్సిన వీసా స్టేటస్ పోయింది, అయినా అతను అక్కడే ఉండిపోయాడు. ఒక రేంజ్‌కి వెళ్లి తుపాకీ పేల్చాడు. ఫెడరల్ కేసు పడింది. తనకు స్టేటస్ లేదన్న సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని 2019 జూన్‌లో సుప్రీంకోర్టు అతనికి అనుకూలంగా తీర్పు చెప్పింది. అయితే దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వచ్చింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు తమ వీసా ఏదో తెలియదని వాదించే అవకాశం కూడా ఉండదు.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ముప్పు వేరే వైపు నుంచి వస్తుంది. తుపాకీ కొనడం, కలిగి ఉండటం, వెంట తీసుకెళ్లడం వంటి విషయాల్లో ఏ చట్టాన్ని ఉల్లంఘించి దోషిగా తేలినా దేశం నుంచి పంపించేయడానికి అదే కారణంగా సరిపోతుందని ఇమ్మిగ్రేషన్ చట్టం చెబుతోంది. పౌరుడికి జరిమానాతో పోయే చిన్న కేసు కూడా గ్రీన్ కార్డు మనిషికి ఇరవై ఏళ్ల జీవితాన్ని తలకిందులు చేయగలదు. కాబట్టి న్యూజెర్సీ వంతెన లాంటిదేదైనా దాటేముందు వీళ్లు మరింత ఆలోచించాలి. ఇంకొకటి: కొన్ని రాష్ట్రాలు గంజాయిని చట్టబద్ధం చేసినా ఫెడరల్ చట్టం చేయలేదు. గంజాయి వాడేవాళ్లు తుపాకీ కలిగి ఉండకూడదన్న నిబంధన కూడా ఫెడరల్ చట్టంలో ఉంది. తుపాకీ కొనేటప్పుడు దుకాణంలో నింపే 4473 ఫారంలో వీసా గురించీ, గంజాయి గురించీ సూటిగా అడుగుతారు. అబద్ధం రాస్తే అది వేరే నేరం. స్నేహితుడి పేరు మీద కొనిపించుకోవడం దానికన్నా పెద్ద నేరం.

పర్మిట్ నుంచి పర్మిట్ లేకపోవడం దాకా

బట్టల కింద కనిపించకుండా పిస్టల్ పెట్టుకుని తిరగడాన్ని అక్కడ కన్సీల్డ్ క్యారీ అంటారు. నలభై ఏళ్ల క్రితం చాలా రాష్ట్రాలు దీన్ని అయితే పూర్తిగా నిషేధించేవి, లేదంటే ఇవ్వాలా వద్దా అన్నది షెరీఫ్ ఇష్టానికి వదిలేసేవి. 1987లో ఫ్లోరిడా తెచ్చిన చట్టంతో గాలి మారింది. అర్హతలుంటే పర్మిట్ ఇచ్చి తీరాలి, కారణం అడగకూడదు అన్నది ఆ చట్టం. ఒక్కొక్క రాష్ట్రమే ఆ బాట పట్టింది. కన్సీల్డ్ క్యారీని పూర్తిగా నిషేధించిన రాష్ట్రాల్లో అందరికన్నా చివర 2013లో, అదీ ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆదేశించాక, ఇల్లినాయ్ ఒప్పుకుంది. పదహారు గంటల శిక్షణ తప్పనిసరి చేసింది.

ఇంకో అడుగు ముందుకేసి పర్మిటే వద్దన్న రాష్ట్రాలు ఇప్పుడు 29. వెర్మాంట్‌లో మొదటినుంచీ పర్మిట్ అనేదే లేదు. అలాస్కా 2003లో, అరిజోనా 2010లో తీసేశాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో టెక్సస్ 2021 సెప్టెంబరు 1 నుంచి, జార్జియా 2022 ఏప్రిల్ నుంచి, ఫ్లోరిడా 2023 జులై 1 నుంచి ఈ జాబితాలో చేరాయి. రెండో వైపు న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, మేరీలాండ్, మసాచుసెట్స్, హవాయి ఉన్నాయి. ప్రత్యేకమైన కారణం చూపిస్తేనే అక్కడ పర్మిట్ వచ్చేది. 2022 జూన్ 23న బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమంది. 1913 నుంచి న్యూయార్క్‌లో నడుస్తున్న నియమం ఆ ఒక్క తీర్పుతో పోయింది.

ఆ రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. కారణం అడగకూడదన్నారు కాబట్టి శిక్షణ పెంచాయి, తుపాకీ తీసుకెళ్లకూడని చోట్ల జాబితా పొడిగించాయి. న్యూయార్క్ 2022 సెప్టెంబరు 1 నుంచి పదహారు గంటల క్లాసు, రెండు గంటల ఫైరింగ్, నలుగురి హామీ అడుగుతోంది. టైమ్స్ స్క్వేర్‌లోకి తుపాకీ తేకూడదని బోర్డులు పెట్టింది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ కూడా ఇదే తోవలో కొత్త చట్టాలు చేశాయి. యజమాని ముందుగా ఒప్పుకుంటే తప్ప షాపులోకో హోటల్లోకో తుపాకీతో వెళ్లకూడదన్న హవాయి నియమం మీది దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇవన్నీ కోర్టుల్లో నలుగుతూనే ఉన్నాయి కాబట్టి రెండేళ్ల క్రితం ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడితే దెబ్బ తినవచ్చు. ప్రయాణానికి ముందు ఆ రాష్ట్రపు పోలీసు శాఖ లేదా అటార్నీ జనరల్ సైటు చూసుకోవడమే క్షేమం.

టెక్సస్ సంగతి కాస్త వివరంగా చూస్తే 'పర్మిట్ అక్కర్లేదు' అన్న మాటలో ఎన్ని ముళ్లున్నాయో తెలుస్తుంది. అక్కడ లైసెన్స్ టు క్యారీ రద్దు కాలేదు, ఐచ్ఛికమైంది. అది లేకుండానే తుపాకీ పెట్టుకుని తిరగవచ్చు. కానీ దుకాణం తలుపు మీద మూడు రకాల బోర్డులు ఉండవచ్చు. 30.05 అని ఉంటే లైసెన్స్ లేనివాళ్లకు ప్రవేశం లేదు. 30.06 అని ఉంటే లైసెన్స్ ఉన్నా సరే, దాచిన తుపాకీతో రాకూడదు. 30.07 అని ఉంటే బయటికి కనిపించే తుపాకీతో రాకూడదు. తాగుడు మీదే సగానికి పైగా ఆదాయం వచ్చే బార్ల ముందు ఎర్రటి 51 శాతం గుర్తు ఉంటుంది. 2019లో మార్చిన చట్టం ప్రకారం గుళ్లూ చర్చిలూ సొంతంగా బోర్డు పెట్టుకుంటేనో, నోటితో చెబితేనో నిషేధం, లేకపోతే లేదు. మన గుడి కమిటీలు ఈ విషయం తెలుసుకుని, ఏదో ఒక నిర్ణయం తీసుకుని బోర్డు పెడితే అందరికీ మంచిది.

స్కూలు దగ్గర చాలామంది పొరబడతారు. బడి చుట్టూ వెయ్యి అడుగుల పరిధిలో తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. ఆ బడి ఉన్న రాష్ట్రమే ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. లైసెన్స్ లేకుండా రాష్ట్ర చట్టం భరోసాతో తిరిగేవాళ్లకు లేదు. పిల్లల్ని దింపడానికి వెళ్లే దారిలోనే ఫెడరల్ చట్టం ఉల్లంఘన జరిగిపోవచ్చు. ఇక బడి భవనంలోపల లైసెన్స్ ఉన్నా టెక్సస్ ఒప్పుకోదు. ఉగాది, సంక్రాంతి వేడుకలు ఎక్కువగా హైస్కూలు ఆడిటోరియంలు అద్దెకు తీసుకుని చేస్తారు. వారాంతంలో అద్దెకిచ్చినంత మాత్రాన అది బడి కాకుండా పోదు.

కారు పేరుకే తాళం

తుపాకీ తీసుకెళ్లకూడని చోటు ఎదురైతే మనిషి ఏం చేస్తాడు? కారులో వదిలేసి లోపలికి వెళతాడు. ఆఫీసు పాలసీ ఒప్పుకోదు, కారులోనే. పోస్టాఫీసు, కారులోనే, నిజానికి పోస్టాఫీసు వాళ్ల పార్కింగ్ స్థలానికి కూడా ఫెడరల్ నిషేధం ఉంది. టెక్సస్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో ఉద్యోగి తన తాళం వేసిన కారులో తుపాకీ ఉంచుకుంటే కంపెనీ కాదనడానికి వీల్లేదు. అలా కార్లలో ఉండిపోయే తుపాకీలను వెతుక్కుంటూ దొంగలు వస్తారు. అమెరికాలో దొంగల చేతికి చిక్కే తుపాకీల్లో పెద్ద భాగం ఇప్పుడు కార్లలోంచే పోతోంది. గ్లవ్ బాక్స్, సీటు కింద, కన్సోల్: అద్దం పగలగొట్టినవాడు మొదట చేయి పెట్టే చోట్లు ఇవే. అలా పోయిన పిస్టల్ తర్వాత ఎవరి చేతిలో పేలుతుందో సొంతదారుడికి ఎప్పటికీ తెలియకపోవచ్చు.

కొలరాడో ఈ లొసుగును నేరుగా పట్టుకుంది. 2025 జనవరి 1 నుంచి మనిషి లేని కారులో పిస్టల్ వదలాలంటే తాళం ఉన్న గట్టి పెట్టెలో, బయటికి కనిపించకుండా పెట్టి, కారుకు కూడా తాళం వేయాలి. క్యారీ మీద ఇన్ని చట్టాలు రాసిన దేశంలో కారు గురించి ఇంత ఆలస్యంగా ఆలోచించడం విచారకరం. సీటు కింది ఇనుప కమ్మీకి కేబుల్‌తో బిగించే చిన్న లాక్‌బాక్స్ పెద్ద ఖర్చు కాదు. చట్టం అడగని రాష్ట్రంలో కూడా అది ఉండాల్సిందే.

రాష్ట్రం దాటి దూరప్రయాణం చేసేవాళ్ల కోసం 1986 నాటి ఫెడరల్ చట్టం ఒక రక్షణ ఇచ్చింది. బయలుదేరిన చోటా, చేరే చోటా తుపాకీ ఉండటం చట్టబద్ధమైతే, మధ్యలో ఏ రాష్ట్రం మీదుగానైనా తీసుకెళ్లవచ్చు. కానీ తూటాలు తీసేసి ఉండాలి, చేతికి అందకూడదు. ట్రంక్ లేని బండి అయితే తాళం వేసిన పెట్టెలో ఉండాలి. గ్లవ్ బాక్స్, కన్సోల్ ఆ పెట్టె కిందికి రావు. విమానంలో అయితే ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, చెక్-ఇన్ కౌంటర్లో చెప్పి లగేజీలో పంపాలి. 2024లో విమానాశ్రయాల తనిఖీల్లో చేతి సంచుల్లో 6,678 తుపాకీలు దొరికాయి. వాటిలో 94 శాతం తూటాలతో నిండి ఉన్నవే. అన్నిటికన్నా ఎక్కువ దొరికింది అట్లాంటాలో. పట్టుబడ్డవాళ్లు చెప్పేది సాధారణంగా ఒకటే: సంచిలో ఉన్న సంగతి మర్చిపోయామని. ఆ మాట నమ్మదగినదే, అందుకే అది భయపెడుతుంది. విమానాశ్రయంలో స్కానర్ పట్టుకుంటుంది, ఇంట్లో ఆ సంచి సోఫా మీద పడి ఉంటే పట్టుకునేది పిల్లలే.

పర్సులోంచి పసిచేతికి

2014 డిసెంబరులో ఐడహోలో ఒక వాల్‌మార్ట్‌లో షాపింగ్ చేస్తున్న తల్లి పర్సులోంచి రెండేళ్ల కొడుకు పిస్టల్ తీశాడు. అది పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆమెకు క్యారీ పర్మిట్ ఉంది. ఆ పర్సు కూడా తుపాకీ కోసం ప్రత్యేకంగా జిప్ అర ఉన్నది. 2023 జనవరి 6న వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఆరేళ్ల పిల్లాడు క్లాసులో టీచర్ని కాల్చాడు. తుపాకీ ఎక్కడిదంటే, డ్రెస్సర్ మీద ఉన్న అమ్మ పర్సులోంచి, సొరుగు మీదికెక్కి తీశానన్నాడు. ట్రిగర్ లాక్ వేశామని ఇంట్లోవాళ్లు చెప్పారు గానీ దర్యాప్తులో తాళం దొరకలేదు. ఆ తల్లికి ఫెడరల్, రాష్ట్ర కోర్టులు రెండూ జైలు శిక్ష వేశాయి.

ఈ రెండు చోట్లా పర్సే కనిపిస్తుంది. నడుముకు హోల్‌స్టర్‌లో ఉన్న తుపాకీ మనిషి అదుపులో ఉంటుంది. పర్సులో, బ్యాక్‌ప్యాక్‌లో, డైపర్ బ్యాగ్‌లో ఉన్నది ఆ బ్యాగ్ కింద పెట్టిన క్షణం నుంచి ఎవరి అదుపులోనూ లేనట్టే. చిన్నపిల్లలకు ట్రిగర్ లాగే బలం ఉండదనుకోవడం కూడా తప్పు. రెండు వేళ్లతో గట్టిగా లాగితే మూడు నాలుగేళ్ల పిల్లల్లో నాలుగోవంతు మంది, ఏడెనిమిదేళ్ల పిల్లల్లో తొంభై శాతం మంది పది పౌండ్ల బలం కావాల్సిన ట్రిగర్‌ను లాగగలరని 1995లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే పిస్టళ్లకు ఐదారు పౌండ్లు చాలు.

'ఎక్కడ పెట్టామో మా పిల్లలకు తెలియదు' అన్న ధీమా ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. అలబామా గ్రామీణ ప్రాంతంలో తుపాకీలున్న కుటుంబాల్ని, తల్లిదండ్రుల్ని ఒకచోట, పిల్లల్ని ఒకచోట అడిగి చూశారు. 2006లో ఆ ఫలితాలు వచ్చాయి. పిల్లలకు తెలియదన్న తల్లిదండ్రుల్లో 39 శాతం మంది విషయంలో పిల్లలు ఎక్కడుందో చెప్పేశారు. ముట్టుకోనే లేదన్నవాళ్లలో 22 శాతం మంది పిల్లలు ముట్టుకున్నామన్నారు. అటక మీద దాచిన అరిసెల డబ్బా ఎక్కడుందో పిల్లలకు తెలియని ఇల్లు ఏదైనా ఉందా? దాచిపెట్టడం, తాళం వేయడం ఒకటి కాదు.

తాళం వేయడానికి ముందు ఖాళీ చేయాలి. ఇక్కడే చాలా ప్రాణాలు పోతున్నాయి. పిస్టల్ పిడిలోంచి మ్యాగజైన్, అంటే తూటాల అర, లాగేస్తే తూటాలన్నీ బయటికి వచ్చాయనిపిస్తుంది. కానీ గొట్టం మొదట్లో, చాంబర్లో, ఒక తూటా అప్పటికే ఎక్కి ఉండవచ్చు. మ్యాగజైన్ లేకపోయినా ఆ ఒక్కటీ పేలుతుంది. కాబట్టి వరస తప్పకూడదు: తుపాకీని మనుషుల్లేని దిక్కుకు తిప్పాలి, వేలు ట్రిగర్ మీద పెట్టకూడదు, మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాత పైన జారే స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి పట్టుకుని చాంబర్లోకి కళ్లతో చూడాలి, వేలితో తడిమి చూడాలి. వరస తారుమారై, ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే ఇంకో తూటా చాంబర్లోకి ఎక్కేస్తుంది. శుభ్రం చేసే పని మొదలుపెట్టే ముందు కూడా ఇదే వరస, తూటాలు వేరే గదిలో ఉండాలి.

ఆ తర్వాత తాళం. 2005లో చేసిన ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న దుకాణదారు పిస్టల్ అమ్మితే దానితో తాళం లాంటి రక్షణ పరికరం ఇచ్చి తీరాలి. దాన్ని వాడాలని మాత్రం ఆ చట్టం చెప్పదు. కేబుల్ లాక్ అయితే స్లైడ్ వెనక్కి లాగి, పైనుంచి దూర్చి పిడిలోంచి బయటికి తీసి బిగిస్తారు, స్లైడ్ మూసుకోదు కాబట్టి పేలదు. చాలా షెరీఫ్ ఆఫీసుల్లో ఇవి ఉచితంగా ఇస్తారు. ట్రిగర్ లాక్‌ను తూటాలున్న తుపాకీకి ఎప్పుడూ తగిలించకూడదు. ఆత్మరక్షణ కోసం రాత్రిపూట చేతికందాలనుకునేవాళ్లకు నాలుగంకెల కోడ్‌తోనో వేలిముద్రతోనో సెకన్లలో తెరుచుకునే చిన్న సేఫ్‌లు ఉన్నాయి. వేలిముద్ర సేఫ్ కొంటే ఒక పని చేయాలి: సెట్ చేశాక ఇంట్లో ఇంకొకరి వేలు పెట్టి చూడాలి. 2023 అక్టోబరులో ఒక తయారీ సంస్థ 61,000 సేఫ్‌లను వెనక్కి పిలిచింది. వేలిముద్ర సరిగ్గా నమోదు కానంతవరకూ ఆ సేఫ్ ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటుంది, కొన్నవాళ్లేమో సెట్ చేశామనుకున్నారు. అలాంటి ఒక సేఫ్‌లోంచి తీసిన తుపాకీతో పన్నెండేళ్ల పిల్లాడు చనిపోయాడని దావా కూడా పడింది.

చట్టం తాళం అడిగే చోటు

ఇంట్లో తుపాకీకి తాళం వేయాల్సిందే అనే చట్టాలు తక్కువ. మసాచుసెట్స్‌లో 1998 నుంచి, ఒంటి మీద లేదా సొంత అదుపులో లేని ప్రతి తుపాకీకీ తాళం ఉండాలి. ఓరెగాన్ 2021లో ఇలాంటి చట్టమే చేసింది. కాలిఫోర్నియాలో 2026 జనవరి 1 నుంచి ఇదే నియమం, పిల్లలున్నా లేకపోయినా. దీన్ని ఆత్మరక్షణకు అడ్డమని వ్యతిరేకించేవాళ్లు 2008 నాటి హెల్లర్ తీర్పును చూపిస్తారు. వాషింగ్టన్ డీసీలో ఇంట్లోని తుపాకీ ఎప్పుడూ విడగొట్టో తాళం వేసో ఉండాలన్న నియమాన్ని సుప్రీంకోర్టు అప్పుడు కొట్టేసింది. అయితే డీసీ చట్టంలో ఆత్మరక్షణకు సందు లేదు. మసాచుసెట్స్ చట్టం చేతిలో ఉన్నప్పుడు తాళం అడగదు, అందుకే రాష్ట్ర అత్యున్నత కోర్టు దాన్ని నిలబెట్టింది. ఈ తేడా న్యాయమైనదే. మెలకువగా ఉండి పక్కన పెట్టుకున్న తుపాకీ గురించి ఎవరూ తగాదా పెట్టుకోవడం లేదు.

మిగతా చాలా రాష్ట్రాలు పిల్లల చేతికి చిక్కితేనే శిక్షిస్తాయి. ఈ రకం చట్టం మొదట చేసింది కూడా ఫ్లోరిడానే, 1989లో. టెక్సస్‌లో పదిహేడేళ్లలోపు పిల్లలకు పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా వదిలేస్తే చిన్న నేరం, ఆ పిల్లలు కాల్చి ఎవరైనా చనిపోతేనో తీవ్రంగా గాయపడితేనో ఏడాది దాకా జైలు. జార్జియాలో నిర్లక్ష్యంగా వదిలేసినందుకు ప్రత్యేకమైన చట్టం లేదు.

చట్టం లేదంటే బాధ్యత లేదనుకునేవాళ్లు మిషిగన్ కేసు చూడాలి. 2021 నవంబరు 30న ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో పదిహేనేళ్ల విద్యార్థి నలుగురు తోటి విద్యార్థుల్ని కాల్చి చంపాడు. ఆ పిస్టల్ తండ్రి నాలుగు రోజుల ముందు కొన్నది. దుకాణంలో ఇచ్చిన కేబుల్ లాక్ ప్యాకెట్ విప్పకుండానే దొరికింది. ఇంట్లో ఉన్న ఒక సేఫ్‌కి కంపెనీ నుంచి వచ్చిన సున్నా-సున్నా-సున్నా కోడే ఉంది. అప్పటికి మిషిగన్‌లో సేఫ్ స్టోరేజ్ చట్టం లేదు. అయినా 2024లో జ్యూరీలు తల్లినీ, తండ్రినీ ఉద్దేశపూర్వకం కాని నరహత్య నేరంలో దోషులుగా తేల్చాయి. ఒక్కొక్కరికీ పది నుంచి పదిహేనేళ్ల జైలు. మిషిగన్ స్టోరేజ్ చట్టం అదే ఏడాది ఫిబ్రవరి 13న అమల్లోకి వచ్చింది.

అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి తుపాకీ చట్టాల మీది అధ్యయనాలన్నీ జల్లెడ పట్టింది. పిల్లలకు అందకుండా చూసే చట్టాలు పిల్లల్లో, యువతలో ఆత్మహత్యల్నీ, ప్రమాదాల్నీ తగ్గిస్తున్నాయనడానికి గట్టి ఆధారాలున్నాయని తేల్చింది. ఈ అంశంలో అంత స్పష్టంగా తేలిన విషయాలు చాలా తక్కువ. తుపాకీ హక్కును సమర్థించేవాళ్లు కూడా తాళాన్ని వ్యతిరేకించాల్సిన అవసరం కనిపించదు.

2023లో అమెరికాలో తుపాకీల వల్ల 46 వేలకు పైగా ప్రాణాలు పోయాయి, అందులో 27 వేలకు పైగా ఆత్మహత్యలు. దొంగ వస్తాడని కొన్న తుపాకీ ఎక్కువగా ప్రాణం తీసేది ఇంట్లోవాళ్లదే. ఉద్యోగం పోయి, వీసా గడువు టెన్షన్‌లో, ఊరికి ఏం చెప్పాలో తెలియక ఒంటరిగా గడిపే కుర్రవాళ్లు మన సమాజంలో ఎందరో. అలాంటి రోజుల్లో ఇంట్లో తుపాకీ లేకుండా చూడటం, అవసరమైతే చట్టం ఒప్పుకునే బంధువు దగ్గరో, దాచిపెట్టే సదుపాయం ఉన్న దుకాణంలోనో కొన్నాళ్లు ఉంచడం ప్రాణాల్ని కాపాడుతుంది. ఆ క్షణం గడిచిపోతే మనిషి నిలబడతాడు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్లకు సాయం చేసే 988 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పంపవచ్చు. రూమ్‌మేట్ అడగడానికి మొహమాటపడకూడని సందర్భం ఇది.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు

పిల్లలు పక్కింటికి ఆడుకోవడానికి వెళితే, 'మీ ఇంట్లో తాళం వేయని తుపాకీ ఏదైనా ఉందా?' అని ముందే అడగమని అమెరికాలో పిల్లల డాక్టర్లు చెబుతారు. మనవాళ్లకు ఆ ప్రశ్న నోటికి రాదు, ఎదుటివాళ్లను అనుమానించినట్టు ఉంటుందని. వేరుశనగ అలర్జీ గురించి చెప్పినంత మామూలుగా అడిగేస్తే సరిపోతుంది. తుపాకీ ఉన్నవాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోవడం అరుదు.

ఇంకో సందర్భం మన ఇళ్లకే ప్రత్యేకం. మనవళ్లను చూసుకోవడానికి అమ్మమ్మ, తాతయ్య బి-2 వీసా మీద వచ్చి ఆరేసి నెలలు ఉంటారు. కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లాక ఇల్లంతా వాళ్లదే. అలమరలు సర్దేది వాళ్లే, బట్టలు మడతపెట్టి సొరుగుల్లో పెట్టేది వాళ్లే. గన్ సేఫ్‌ను నగల పెట్టె అనుకునే అవకాశం ఎక్కువ. ఇంట్లో తుపాకీ ఉందని, ఫలానా చోట తాళం వేసి ఉందని, పిల్లలు అటు వెళితే వెంటనే ఫోన్ చేయమని వాళ్లు వచ్చిన మొదటి రోజే చెప్పాలి. కోడ్ మాత్రం చెప్పకూడదు. బి-2 మీద వచ్చిన తల్లిదండ్రులు కూడా తుపాకీ కలిగి ఉండకూడని జాబితాలోనే ఉన్నారు. కోడ్ తెలిసి, పగలంతా సేఫ్ పక్కన ఉంటే, అది వాళ్ల అధీనంలో ఉందని వాదించడానికి ప్రాసిక్యూటర్‌కు సందు దొరుకుతుంది. అలాంటివాళ్ల చేతికి తుపాకీ అందించడం కొడుకు మీద కూడా వేరే నేరం. హెచ్-1బి మీద ఉన్న రూమ్‌మేట్ విషయంలోనూ ఇంతే. కోడ్ ఎక్కడైనా రాసిపెట్టి ఉంటే ఆ కాగితం తీసేసి, సేఫ్‌కి కంపెనీ ఇచ్చిన అసలు కోడ్ ఇంకా మార్చకపోతే వాళ్ల విమానం దిగేలోపే మార్చాలి.